బుధవారపు ఇరవై అయిదు కిలోమీటర్లు

హెరిబెర్ట్ రెట్టరాత్ ఎవరినీ నమ్మడు. ఈ మాట ఆయన మీద కోపంతో అనడం లేదు. అలాగని కోపం లేదనీ అనను. పంతొమ్మిదేళ్ళు ఒకే గదిలో, ఆయన బల్లకి ఎదురుబల్ల దగ్గర కూర్చుని పనిచేసినదాన్ని కాబట్టి చెబుతున్నాను. రొట్టెల కొట్లో ఆరు బన్నులు కొంటే, కొట్టు గుమ్మం దాటకముందే సంచి విప్పి ఆరూ ఉన్నాయో లేదో చూసుకునే మనిషి. వాన పడుతోందని నేను చెబితే, కిటికీ తెరిచి చెయ్యి బయటపెట్టి తడిస్తేగానీ ఒప్పుకోని మనిషి. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నన్ను మార్లీస్ అని పిలవలేదు. ఎప్పుడూ 'హెన్స్ గారూ' అనే పిలుపు, 'మీరు' అనే మర్యాద. పేరు పెట్టి పిలిస్తే చనువు వస్తుందని, చనువొచ్చినవాళ్ళు కళ్ళు కప్పుతారని ఆయన భయం.

మాది అద్దె కార్ల యార్డు. న్యూర్బుర్గ్ ఊరికి దిగువన, రింగు గేటుకి సరిగ్గా రెండు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. రింగు అంటే మా కొండల్లో, అడవిలోంచి ఎక్కుతూ దిగుతూ ఇరవై ఒక్క కిలోమీటర్లు తిరిగే పందేల దారి. పందేలు లేనప్పుడు గేటు తీస్తారు. టికెట్టు కొని, లైసెన్సు ఉన్నవాడెవడైనా తన కారుతో ఒక చుట్టు చుట్టి రావచ్చు. దాని కోసమే రూపుదిద్దిన కార్లని అద్దెకిచ్చేవాళ్ళు ఊళ్ళో వేరే ఉన్నారు. మా దగ్గర దొరికేవి మామూలు కార్లు. సంతకి వెళ్ళడానికి, మోసెల్ నది ఒడ్డున ద్రాక్షతోటలు చూసి రావడానికి పనికొచ్చేవి. మా ఒప్పందంలో నాలుగో నిబంధన రింగు గురించే: అక్కడికి తీసుకెళ్ళకూడదు, తీసుకెళితే బీమా చెల్లదు. ఆ నిబంధన కింద విడిగా సంతకం పెట్టించుకునేది నేనే.

అందరూ పెడతారు. సంతకం పెట్టి, నవ్వుతూ తాళాలు తీసుకుని, సగంమంది తిన్నగా కొండెక్కి రింగులోకి పోతారు. ఎక్కడెక్కడి దేశాల నుంచో సెలవు పెట్టుకుని వచ్చేది ద్రాక్షపళ్ళు చూడ్డానికి కాదని మాకూ తెలుసు. పోయినవాళ్ళని పట్టుకోవడమే హెరిబెర్ట్ ఉద్యోగం.

కారు తిరిగి రాగానే ముందు మనిషిని చూసేవాడు, తర్వాతే కారుని. మోకాళ్ళు వణుకుతున్నాయా, చొక్కా వీపు తడిసిందా, మొగుడూ పెళ్ళాం మాట్లాడుకుంటున్నారా లేదా. ఆ తర్వాత కారు చుట్టూ తిరిగి, ఒక్కో చక్రం దగ్గరా వంగి, ముక్కు పెట్టి వాసన చూసేవాడు. టైరు అంచుని బొటనవేలితో తడిమేవాడు. రింగు మలుపుల్లో ఒరుసుకుపోయిన టైరు అంచు మీద చిన్న చిన్న రబ్బరు నలుసులు ఉండలు కట్టి ఉంటాయి. రోడ్డు మీద వెళ్ళొచ్చిన టైరుకి అవి ఉండవు. వేలికి తగిలిన నలుసుల్ని గిల్లి తెల్లకాగితంలో వేసుకుని, కాగితం మడవకుండా లోపలికొచ్చి, కారు తెచ్చినవాడి ముందు పెట్టేవాడు. ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. కూర్చుని చూస్తూ ఉండేవాడు, అంతే.

వలెన్సియా నుంచి ఒక కొత్త జంట వచ్చింది ఒకసారి. పెళ్ళయి వారం. మోసెల్ ఒడ్డున భోంచేశామని, చేప బాగుందని అబ్బాయి చాలా వివరంగా చెప్పుకొచ్చాడు. హెరిబెర్ట్ కాగితం బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. నాలుగు నిమిషాలు కూడా కాలేదు, అమ్మాయి వెక్కి వెక్కి ఏడుస్తూ తనే అంతా చెప్పేసింది. ఆ ఏడుపు భయంతో కాదనీ, చుట్టు మధ్యలో తను ఆపమన్నా అతను ఆపలేదనీ, ఇక ఏ నమ్మకంతో కాపురం చెయ్యాలో తెలియడం లేదనీ అంది. హెరిబెర్ట్ ఆమెకి మంచినీళ్ళు ఇచ్చాడు. సాయంత్రం నాతో, "ఆ పిల్లకి బుర్ర ఉంది" అన్నాడు. ఆయన నోటి నుంచి నేను విన్న మెచ్చుకోళ్ళలో అంతకన్నా పెద్దది లేదు.

ఎప్పుడూ గెలిచేవాడని కాదు. హాలండ్ నుంచి వచ్చిన ఒక రిటైరయిన టీచరమ్మ కారు బ్రేకులు కాలిన వాసన కొట్టాయి. రింగుకి పోలేదని ఆవిడ ఎంత మొత్తుకున్నా ఈయన వినలేదు. పదిరోజుల తర్వాత మా మెకానిక్కు చూసి, ఆవిడ కొండదారులన్నీ చేతిబ్రేకు సగం లాగి ఉంచి నడిపిందని తేల్చాడు. ఆ రాత్రే హెరిబెర్ట్ కూర్చుని ఆవిడకి ఉత్తరం రాశాడు. పొద్దున్నే నాకిచ్చి తప్పులుంటే దిద్దమన్నాడు. తొమ్మిదే వాక్యాలు. ఎక్కడా 'పొరపాటు జరిగింది' అని లేదు, 'నేను పొరబడ్డాను' అని ఉంది. దిద్దడానికి ఏమీ లేదు. ఆ ఒక్క ఉత్తరం వల్లే ఆయన మీద నా కోపం ఎప్పుడూ పూర్తిగా ముదరలేదు.

ఈ అనుమానం యార్డు గేటు దగ్గర ఆగితే బాగుండేది. ఇంటిక్కూడా మోసుకెళ్ళేవాడు. ఇంటి కారు తలుపు అరలో ఒక చిన్న పుస్తకం, దారంతో కట్టిన పెన్సిలు. కారు ఎవరు తీసినా, ఎక్కడికి తీసినా, మీటరు చూసి కిలోమీటర్లు అందులో రాయాలి. ఎవరు అంటే ఇంకెవరున్నారు, ఆయనా, ఆయన భార్య రోజ్విటా. ముప్ఫైనాలుగేళ్ళుగా రాస్తోంది ఆవిడ. "అదనా ఊరికి ఎనిమిది, తిరిగి ఎనిమిది. మొత్తం పదిహేడెందుకయింది?" అని రాత్రి భోజనాల దగ్గర అడుగుతాడని రోజ్విటా నవ్వుతూ చెప్పేది. ఆవిడా నేనూ ఒకే ఈడువాళ్ళం కాకపోయినా చర్చిలో పక్కపక్కన కూర్చునేవాళ్ళం. ఆ నవ్వు చూసి ఆవిడకి అలవాటైపోయిందనే అనుకున్నాను.

యార్డు తాళాల పెట్టె కూడా ఆయనతోనే ఇంటికి పోయేది. మా యజమాని ఎవెర్ట్స్ గారు గోడకి ఇనుప బీరువా పెట్టించాడు. హెరిబెర్ట్ దాన్ని నమ్మలేదు. బీరువా తాళం ఇంకెవరి దగ్గరైనా ఉండవచ్చు కదా, అన్నాడు. ఇంకెవరంటే నేను. రోజూ సాయంత్రం అయిదింటికి తాళాలన్నీ పచ్చ రేకుపెట్టెలో వేసుకుని, చంకలో పెట్టుకుని, కొండెక్కి ఇంటికి నడిచిపోయేవాడు. వంటింటి అలమరలో పెట్టి, పొద్దున్నే మళ్ళీ పట్టుకొచ్చేవాడు.

పోయిన ఏడాది మే నెలలో మొదలైంది గొడవ. ఒక గురువారం పొద్దున్న హెరిబెర్ట్ యార్డులోని కార్ల మీటర్లు చూసుకుంటూ బూడిదరంగు చిన్న కారు దగ్గర ఆగిపోయాడు. ముందురోజు సాయంత్రం తను రాసుకున్నదానికన్నా ఇరవై అయిదు కిలోమీటర్లు ఎక్కువ. వంగి టైరు తడిమాడు. వాసన చూశాడు. లోపలికొచ్చి నా ఎదుట కూర్చున్నాడు.

"ఏంటి?" అన్నాను.

"ఏమీ లేదు, హెన్స్ గారూ" అన్నాడు.

ఆ 'ఏమీ లేదు' ఆరు వారాలు నడిచింది. మళ్ళీ బుధవారం అదే కథ, వేరే కారు, అవే ఇరవై అయిదు. గేటుకి రెండు, చుట్టు ఇరవై ఒకటి, వెనక్కి రెండు. ఆ పై బుధవారం కూడా అంతే. యార్డు మీటర్ల లెక్కలు రాసుకునే ఆయన నల్లపుస్తకంలో వరసగా ఎక్కుతూ పోయాయి. బుధవారాలతో పాటు మే నెలాఖరు సోమవారం ఒకటి, అది ఇరవై ఒకటే. కారుని ఎవరో సాయంత్రం తీసి, రింగుకి తీసుకెళ్ళి, తెచ్చి మళ్ళీ అదే గీతల మధ్య పెడుతున్నారు. ఎక్కడా ఒక్క గీత పడలేదు, కిటికీ అద్దం కూడా దించి వదిలెయ్యలేదు. పెట్రోలు కూడా పోసి పెడుతున్నారు. ఇది హెరిబెర్ట్‌కి అన్నిటికన్నా మంటెక్కించిన సంగతి. పెట్రోలు పోసేవాడు మరీ ప్రమాదకరమైనవాడని ఆయన వాదన.

అనుమానం ఎవరి మీదికి వస్తుంది? యార్డులో ఉన్నది ముగ్గురం. ఎవెర్ట్స్ గారు కోబ్లెన్జ్‌లో ఉంటారు. మెకానిక్కు వారానికి మూడు రోజులే వస్తాడు, బుధవారం రాడు. మిగిలింది నేను. హెరిబెర్ట్ బుధవారం సాయంత్రాలు అదనాలో మగవాళ్ళ బృందగానానికి వెళతాడు, ఆ సంగతి నాకు తెలుసు. ఎప్పుడో తాళాలకి నకళ్ళు చేయించుకుని ఉంటానని ఆయన తేల్చుకున్నాడు.

నేను బల్ల దగ్గరి నుంచి లేస్తే ఆయన చూపు నా బూట్ల మీదికి వెళ్ళేది. గురువారాల్లో నేను ఆవలిస్తే గడియారం చూసేవాడు. ఒకసారి బాత్‌రూం నుంచి వచ్చేసరికి నా చేతిసంచి కొద్దిగా జరిగి ఉంది. ఆ రోజు నా సహనం తెగింది. నేను ఏ బుధవారమూ ఏ కారూ ముట్టుకోలేదని మొహం మీదే చెప్పాను. అది నిజం. ఆయన నా మొహంలోకి చాలాసేపు చూసి, "బుధవారం" అన్నాడు, ఆ మాటని నాలుక మీద పెట్టుకుని రుచి చూస్తున్నట్టు.

జూన్ మూడో వారంలో ఎవెర్ట్స్ గారికి చెప్పేశాడు. ఆయన ఫోన్ చేసి, గట్టిగా అరవకుండా, అరిచినదానికన్నా అధ్వాన్నంగా చెప్పారు. బీమావాళ్ళకి తెలిస్తే యార్డు మొత్తం మూతబడుతుంది. శుక్రవారం పదింటికి వస్తాను, చేసినవాళ్ళెవరో ఆ రోజు తేలాలి, తేలితే ఆ మనిషి మధ్యాహ్నానికల్లా వెళ్ళిపోవాలి, తేలకపోతే రెట్టరాత్ ఎవరి పేరు చెబితే వాళ్ళు వెళ్ళిపోవాలి. నాకు నలభైఏడేళ్ళు. ఈ కొండల్లో నా వయసు ఆడదానికి ఇంకో ఉద్యోగమంటే వేసవిలో హోటలు పక్కలు సర్దడమే. ఆ రాత్రి నిద్రపట్టలేదని చెప్పడానికి సిగ్గేమీ లేదు.

బుధవారం రాత్రి తట్టింది నాకు, ముందే తట్టి ఉండాల్సింది. రింగులో మంచి మలుపులన్నిటి దగ్గరా ఫొటోలు తీసేవాళ్ళు కాపు కాస్తారు. వచ్చిన ప్రతి కారునీ తీసి, కొనుక్కోమని ఇంటర్నెట్లో పెడతారు. అద్దెకారు పోయిందన్న అనుమానం వచ్చినప్పుడల్లా హెరిబెర్ట్ నా వెనక నిలబడి, ఆ ఫొటోల్లో మా నంబరు వెతికించేవాడు. కంప్యూటరు ఆయనకి చేతకాదు. ఈ ఆరు వారాలూ ఆ పని ఎందుకు చెప్పలేదంటే, వెతకాల్సింది నేను, ఆయన దృష్టిలో దొంగనీ నేనే. వెతకమంటే ఉన్న ఫొటో కూడా చెరిపేస్తానని భయం. ఆయన నన్ను ఒక్క పూట నమ్మి ఉంటే ఈ వ్యవహారం మొదటి వారంలోనే తేలిపోయేది.

నేనే కూర్చుని వెతికాను. నాలుగు వందల ఫొటోలు చూసి ఉంటాను. మూడో బుధవారం, సాయంత్రం ఆరూ పదికి, అడవి అంచున దిగుడు మలుపులో మా ఎర్ర కారు. కుడివైపు దీపం వెలిగించి, దారి అంచుకి ఒదిగి పోతోంది. వెనక వచ్చేవాళ్ళని ముందుకి పొమ్మని నెమ్మదైనవాళ్ళు అలా కుడి దీపం వేస్తారు. స్టీరింగు మీద తోటపని చేతితొడుగులు. తలకి పువ్వుల రుమాలు. నోరంతా తెరుచుకుని నవ్వుతున్న రోజ్విటా రెట్టరాత్.

నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్ళు మండిపోయింది. ఆరు వారాలు చర్చిలో నా పక్కనే కూర్చుని పాటలు పాడింది ఈ మనిషి.

గురువారం పొద్దున్న హెరిబెర్ట్ యార్డులో ఉండగా, దంతవైద్యుడి దగ్గరికని చెప్పి, కొండెక్కి వాళ్ళింటికి వెళ్ళాను. రోజ్విటా కొత్తిమీర మడికి నీళ్ళు పోస్తోంది. ఫొటో కాగితం చేతికిచ్చాను. ఆవిడ కళ్ళజోడు వెతుక్కుని, పెట్టుకుని, చాలాసేపు చూసింది.

"నేనిలా నవ్వుతానా?" అంది.

"నా ఉద్యోగం పోతోంది, రోజ్విటా."

"తెలుసే. రోజూ రాత్రి అదే చెబుతున్నాడు. మార్లీస్ కాదేమో అని నేనంటాను. ఇంకెవరు అంటాడు. ఇంకెవరు అని ఆయన నన్ను చూసి అడుగుతాడు, నా వెనకే అలమరలో పెట్టె ఉంటుంది." నీళ్ళడబ్బా కింద పెట్టింది. "నేను పుట్టిన ఇల్లు చూశావుగా, రింగు వంతెన కింద. పక్క మీద పడుకుంటే పైనించి పందెం కార్లు పోయేవి. ఇంగ్లీషువాడు, ఇటలీవాడు, మా బడి మాస్టారు, మా అన్నలు. మా ఇంటి మీదుగా ప్రపంచమంతా పోయింది, నేను తప్ప. పెళ్ళయ్యాక ఒకసారి అడిగాను. రింగెక్కే ఊరివాడు వెధవ అన్నాడు. మళ్ళీ అడగలేదు."

"మీకు సొంత కారు ఉంది కదా!"

"ఉంది. దాంట్లో పుస్తకం కూడా ఉంది." ఆవిడ నవ్వబోయి ఆపేసింది. "ముప్ఫైనాలుగేళ్ళలో ఆయనకి తెలియకుండా మూడు కిలోమీటర్లు పోలేదే నేను. ఒక్కటంటే ఒక్కటి నాదంటూ ఉండాలనిపించింది. ఒకసారి పోయాక ఆపుకోలేకపోయాను. నీ మీదికి వస్తుందని ముందు తట్టలేదు. తట్టాక, ఈ వారం ఒక్కటీ పోయి ఆపేద్దాం అనుకున్నాను. ప్రతి వారమూ అలాగే అనుకున్నాను."

అంత చేటు స్వార్థాన్ని అంత తిన్నగా ఒప్పుకుంటే ఏం తిట్టాలో తెలియదు. నేను తిట్టాననుకోండి. కాసేపు తిట్టాక ఆవిడ లోపలికి తీసుకెళ్ళి కాఫీ పోసింది, ప్లమ్ పళ్ళ కేకు కోసింది. శుక్రవారం పదింటికి తనే వచ్చి చెబుతానంది. నేను అడగలేదు. ఫొటో ఉంచుకోవచ్చా అని మాత్రం అడిగింది.

గుమ్మం దగ్గర, నేను బూట్లు తొడుక్కుంటుంటే, "ఒకటి మాత్రం నాది కాదు" అంది.

నేను వంగినదాన్ని అలాగే ఉన్నాను.

"సోమవారం ఒకటి ఉందట ఆయన పుస్తకంలో. సోమవారాలు ఆయన ఇంట్లోనే ఉంటాడు. బంగాళాదుంప అట్లు వేస్తాను, తింటాడు, అలమరకి వీపు ఆనించి కూర్చుంటాడు. ఆ రోజు నేను ఎలా పోతాను?"

నేను లేసులు బిగించుకుని లేచాను. ఆవిడా మళ్ళీ అడగలేదు.

ఆ సోమవారం నాది. ఇక్కడ దాచి లాభం లేదు. ఒక బెల్జియం ఆయన కారుని గేటు ఎదురుగా హోటల్లో వదిలేసి, తాళం కౌంటర్లో ఇచ్చి, మీటరు అంకె హెరిబెర్ట్‌కి ఫోనులో చెప్పి వెళ్ళిపోయాడు. తెమ్మని నన్నే పంపాడు హెరిబెర్ట్. మధ్యాహ్నం రెండు. ఎండ. గేటు తీసి ఉంది, వరసలో కార్లు లేవు. పంతొమ్మిదేళ్ళుగా నాలుగో నిబంధన కింద జనం చేత సంతకాలు పెట్టించాను. వెళ్ళొచ్చినవాళ్ళ మొహాలు చూశాను, తిట్లు తిన్నవాళ్ళు కూడా వెలిగిపోయే మొహాలతో ఉండేవాళ్ళు. ఒక్కసారి చూద్దామనుకున్నాను. చూశాను. సగం దారిలో చేతులు చెమటపట్టి స్టీరింగు జారింది. అవతలికి వచ్చాక కారు ఆపి, చెట్టు కింద నిలబడి, ఎవరూ వినకుండా కేక పెట్టాను. తర్వాత యార్డుకి తెచ్చి, గీతల మధ్య పెట్టి, నా బల్ల దగ్గర కూర్చుని పని చేసుకున్నాను. కాబట్టి ఆ ఆరు వారాల నా కోపంలో ఒక ముక్క దొంగకోపం. మిగతాది మాత్రం న్యాయమైనదే.

శుక్రవారం పదింటికి ఎవెర్ట్స్ గారు కుర్చీలో కూర్చున్నారు. హెరిబెర్ట్ నల్లపుస్తకం బల్ల మీద పెట్టి, నిలబడే ఉన్నాడు. నా పేరు చెప్పబోతున్నాడు. నోరు తెరిచాడు కూడా. అప్పుడు తలుపు తెరుచుకుంది, రోజ్విటా చర్చికి వేసుకొచ్చే నీలం కోటు వేసుకుని లోపలికి వచ్చింది. వంటింట్లో ఏదో అయిందనుకున్నాడు పాపం. "ఏమైంది?" అంటూ రెండడుగులు ముందుకి వేశాడు.

"కార్లు తీసింది నేను" అంది ఆవిడ, ఎవెర్ట్స్ గారిని చూస్తూ. "మా వంటింటి అలమరలోంచి తాళాలు తీసుకుని, ఆయన పాటకి వెళ్ళినప్పుడు."

హెరిబెర్ట్ భార్య మొహంలోకి చూశాడు. ఆ చూపు నాకు తెలుసు, కాగితం బల్ల మీద పెట్టి కూర్చున్నప్పటి చూపు. కానీ ఈసారి కళ్ళు దించింది ఆయనే.

ఎవెర్ట్స్ గారు కొంచెం తేరుకుని, "అన్నీ మీరేనా అమ్మా?" అని అడిగారు.

రోజ్విటా నా వైపు చూడలేదు. "అన్నీ నేనే."

"సోమవారంతో సహా?"

"సోమవారంతో సహా."

ఎవెర్ట్స్ గారు హెరిబెర్ట్ వైపు తిరిగి, మీ పుస్తకం ఏమంటోంది, సరిపోయిందా అన్నారు. ఆ సోమవారం సాయంత్రం ఆ తాళాలు ఎక్కడున్నాయో, తన వీపు దేనికి ఆనించుకున్నాడో, ఎదురుగా అట్లు ఎవరు వేశారో ఆయనకన్నా బాగా తెలిసినవాడు లేడు. ఆ కారుని హోటలు నుంచి ఎవరు తెచ్చారో పుస్తకంలోనే రాసి ఉంది, ఆయన చేతిరాతలో, నా పేరుతో. ఆయన పుస్తకం తెరిచాడు. పేజీ మీద వేలు పెట్టాడు. వేలు కింది దాకా వెళ్ళి ఆగింది. ఒక్క కిలోమీటరు తేడాకి కట్టుకున్న భార్యని నిలదీసే మనిషి, ఇరవై ఒక్క కిలోమీటర్ల ముందు నిలబడి ఉన్నాడు.

"సరిపోయింది" అని పుస్తకం మూసేశాడు.

తర్వాతంతా చాలా మామూలుగా జరిగింది. ఎవెర్ట్స్ గారు ఎవరినీ పొమ్మనలేదు, ఎలా చెప్పాలో తెలియక గొంతు సవరించుకుంటూ ఉండిపోయారు. హెరిబెర్టే పచ్చ రేకుపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. తాళాలు నా ఇంట్లో ఉన్నాయి, బీరువాలో ఉంటే ఇది జరిగేది కాదు, అన్నాడు. యార్డు గేటు తాళం కూడా అందులోంచి తీసి పెట్టె మీద పెట్టాడు. అరవై ఒక్కేళ్ళు, పింఛనుకి ఇంకా నాలుగేళ్ళుంది. ఉండమని నేను అనాలి. అనలేదు. అంటే ఎందుకో చెప్పాల్సి వస్తుంది.

రోజ్విటా ముందు నడిచి గేటు దగ్గర నిలబడింది. హెరిబెర్ట్ తన టీకప్పు, కళ్ళజోడు పెట్టె సంచిలో వేసుకుని బయటికొచ్చాడు. నేను వెనకే వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళానని ఇప్పుడు అనుకుంటాను. నిజంగా చెప్పేదాన్నో లేదో నాకు తెలియదు. ఆయనే ఆ బెల్జియం ఆయన తీసుకున్న కారు దగ్గర ఆగాడు.

"దీని ఎడమ ముందు బ్రేకు కొంచెం పట్టేస్తుంటుంది" అన్నాడు, చక్రం వైపు చూస్తూ. "మెకానిక్కుకి చెప్పాలనుకుని మరిచిపోయాను. దిగుడులో గట్టిగా తొక్కితే పక్కకి లాగి ఉండాలి. మీకు ప్రమాదం కాలేదు కదా?"

ఆ గొంతులో నిజంగా కంగారు ఉందనిపించింది. ఉద్యోగం పోగొట్టుకుని వెళుతూ కూడా నా గురించి ఆలోచిస్తున్నాడనుకున్నాను. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"కొంచెం లాగింది" అన్నాను. "ఏమీ కాలేదు."

ఆయన తల ఊపాడు. అంత తృప్తి ఆ మొహంలో నేనెప్పుడూ చూడలేదు. ఇంకేమీ అనకుండా వెళ్ళి భార్య పక్కన నడుస్తూ కొండెక్కాడు.

సోమవారం మెకానిక్కు రాగానే ఆ కారు బ్రేకు చూడమని చెప్పాను. చక్రం విప్పి, అరగంట చూసి, మళ్ళీ బిగించాడు. దానికేమీ లేదన్నాడు, ఏ వైపుకీ ఎప్పుడూ లాగి ఉండదన్నాడు. ఆ బ్రేకు మాట కూడా ఆయన నా ముందు పెట్టిన తెల్లకాగితమే.

ఊళ్ళో ఆ సోమవారం సంగతి ఎవరికీ తెలియదు. ఆయన చెప్పలేదు. ఆదివారాలు చర్చిలో వాళ్ళిద్దరూ నా ముందు వరసలో కూర్చుంటున్నారు. బయటికి వచ్చేటప్పుడు హెరిబెర్ట్ టోపీ ఎత్తి, హెన్స్ గారూ బాగున్నారా అని అడుగుతాడు. నేను బాగున్నానంటాను. ఆయన నమ్మడు.